ఢిల్లీ నంబరు బీఎండబ్ల్యూ ఎం340ఐకి లోన్: చేతిలో 12 లక్షలుంటే సరిపోతుందా?

కొండాపూర్_కుర్రాడు
శనివారం రాత్రి 11:05

అందరికీ నమస్తే. రెండేళ్లుగా ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదలు.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నెలకు చేతికి 2 లక్షల 10 వేలు వస్తాయి. ఇంటి లోన్ ఈఎంఐ 58 వేలు. సిబిల్ స్కోరు 790. ఎనిమిదేళ్లుగా పోలో నడుపుతున్నాను, దాన్ని తమ్ముడికి ఇస్తానని మాటిచ్చేశాను. ఒక్కసారైనా సరైన స్పోర్ట్ సెడాన్ కొనాలని కోరిక. కొత్తది నా వల్ల కాదు. పాతవాటిలో మూడు నచ్చాయి.

ఒకటి 2021 బీఎండబ్ల్యూ ఎం340ఐ, ఢిల్లీ నంబరు, 33 వేల కిలోమీటర్లు, 48 లక్షలు చెబుతున్నారు. రెండోది 2021 330ఐ ఎం స్పోర్ట్, హైదరాబాద్ నంబరు, ఒకే ఓనరు, 44 వేలు తిరిగింది, 31 లక్షల 50 వేలు. మూడోది 2021 ఆడీ ఎస్5 స్పోర్ట్‌బ్యాక్, ముంబై బండి, పూర్తిగా దిగుమతి చేసుకున్నది, 47 లక్షలు.

మనసు మొదటిదాని మీదే ఉంది. చేతిలో 12 లక్షలున్నాయి. మిగతా 36 లక్షలకు లోన్ 7.99 శాతానికి చేయిస్తానని డీలర్ అంటున్నాడు. వినడానికి బాగానే ఉంది కానీ ఎక్కడో తేడా కొడుతోంది. తెలిసినవాళ్లు చెప్పండి.

వైజాగ్_వీ6
శనివారం రాత్రి 11:31

ఇంకా అడుగుతావేంటి బ్రో, ఎం340ఐ కొనెయ్! ఆరు సిలిండర్ల బీ58 ఇంజన్, 387 హార్స్‌పవర్, నాలుగు చక్రాలకూ పవర్, 4.4 సెకన్లలో వంద. 2021 మార్చిలో వచ్చినప్పుడు షోరూమ్ ధరే 62 లక్షల 90 వేలు. ఇప్పుడు 48కి వస్తోందంటే వదులుకుంటారా ఎవరైనా.

బెజవాడ_డ్రైవర్
ఆదివారం ఉదయం 6:50

వైజాగ్ తమ్ముడూ, కొనేది నువ్వు కాదు కాబట్టి అంత హుషారు.

కొండాపూర్ గారూ, ఢిల్లీ నంబరు అన్నారు. లైఫ్ ట్యాక్స్ లెక్క వేశారా?

కొండాపూర్_కుర్రాడు
ఆదివారం ఉదయం 9:12

డీలర్‌ని అడిగానండీ. "ట్రాన్స్‌ఫర్ ఖర్చులు అన్నీ కలిపి ఓ లక్ష అవుతుంది, అది మేం చూసుకుంటాం" అన్నాడు.

బెజవాడ_డ్రైవర్
ఆదివారం ఉదయం 9:40

లక్షా! ఆ ముక్క కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి చూద్దాం.

వేరే రాష్ట్రం బండిని తెలంగాణలో మళ్లీ రిజిస్టర్ చేయాలంటే ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కట్టాలి. మీరు 48కి కొన్నారా, 40కి కొన్నారా అన్నది వాళ్లకు అనవసరం. మొదటి ఓనరు కొన్నప్పటి ఇన్వాయిస్ ధర మీద వేస్తారు. తెలంగాణలో 2022లో పెంచినప్పుడే 20 లక్షలు దాటిన కొత్త కార్లకు 18 శాతం చేశారు, 2025లో మళ్లీ పెంచారు. బండి పాతబడేకొద్దీ శాతం తగ్గుతుంది కానీ మనం ఆశపడేంత తగ్గదు. మీ బండికి ఎంత పడుతుందో ఆర్టీఏ ఆఫీసులో ఇన్వాయిస్ కాపీ చూపించి కనుక్కోండి. లెక్క కోసం 15 శాతం అనుకుందాం. 62 లక్షల 90 వేల మీద 9 లక్షల 43 వేలు. ఆ డబ్బుతో మా ఊళ్లో కొత్త స్విఫ్ట్ కొనుక్కుని పండక్కి వెళ్లి రావచ్చు.

ఢిల్లీలో కట్టిన ట్యాక్స్‌లో మిగిలిన కాలానికి వాపసు వస్తుంది, నిజమే. నేను ఓ పాత 3 సిరీస్‌కి అప్లై చేశాను. పిల్లాడు ఇంటర్‌లో చేరినప్పుడు పెట్టిన కాగితానికి వాడు ఇంజనీరింగ్‌లోకి వచ్చాక డబ్బు వచ్చింది. కాబట్టి ఆ వాపసు మీ బడ్జెట్‌లో వేసుకోకండి.

వైజాగ్_వీ6
ఆదివారం ఉదయం 10:02

అన్నా, ఢిల్లీ నంబరుతోనే తిప్పుకోవచ్చు కదా? ఏడాది దాకా పర్లేదంటారు.

వడ్డీ_లెక్కలు
ఆదివారం ఉదయం 10:48

ఆ ఏడాది మాట మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్‌లోనిది. వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలి. సొంత డబ్బుతో కొన్నవాడు ఆ ఏడాది ఎలాగో నెట్టుకొస్తాడేమో. లోన్ తీసుకున్నవాడికి ఆ వీలుండదు. బ్యాంకు డబ్బిచ్చాక ఆర్‌సీ మీ పేరు మీదకు మారాలి, దాని మీద హైపోతికేషన్‌గా బ్యాంకు పేరు పడాలి. అందుకు గడువు పెడతారు, దాటితే జరిమానా వేస్తారు. మీ అడ్రస్ హైదరాబాద్ కాబట్టి ఢిల్లీ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం), ఇక్కడ ట్యాక్స్, ఇక్కడి నంబరు, అన్నీ వెంటనే కావాలి. చాలామంది లోన్ శాంక్షన్ అయ్యాక గానీ ఈ సంగతి తెలుసుకోరు.

నా గురించి ఒక మాట. పదకొండేళ్లు ఒక ఫైనాన్స్ కంపెనీలో పాత కార్ల లోన్ల డెస్క్‌లో చేశాను, ఇప్పుడు మానేశాను. అందుకని కొంచెం విడమర్చి చెబుతాను.

ముందు ఆ 7.99 సంగతి. అది ఫ్లాట్ రేటు. మీరు ప్రతి నెలా అసలు తీరుస్తూ వచ్చినా, మొదటి రోజు తీసుకున్న మొత్తం మీదే ఐదేళ్లూ వడ్డీ వేస్తారు. 20 లక్షలకు 8 శాతం ఫ్లాట్ అంటే ఏడాదికి లక్షా 60 వేలు, ఐదేళ్లకు 8 లక్షలు. మొత్తం 28 లక్షలను 60తో భాగిస్తే ఈఎంఐ 46,667. అదే ఈఎంఐని తగ్గే బాకీ పద్ధతిలో, అంటే మిగిలిన అసలు మీదే వడ్డీ వేసి చూస్తే రేటు 14 శాతం పైన తేలుతుంది. బ్యాంకు 12 శాతం అంటే మొహం చిట్లించి, డీలర్ 8 అంటే సంబరపడిన వాళ్లను వందలమందిని చూశాను. రిజర్వు బ్యాంకు 2024 అక్టోబర్ 1 నుంచి ప్రతి రిటైల్ లోన్‌కీ కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఇచ్చి తీరాలంది. అందులో ఏపీఆర్ అని ఒక అంకె ఉంటుంది, ప్రాసెసింగ్ ఫీజు లాంటివి కూడా కలిపిన అసలు ఖర్చు. ఆ కాగితం అడగండి. ఇవ్వడానికి నసిగితే లేచి వచ్చేయండి.

రెండోది, బ్యాంకు మీరు మాట్లాడుకున్న ధర మీద లోన్ ఇవ్వదు. వాళ్ల వాల్యూయర్ వచ్చి చూసి ఒక విలువ రాస్తాడు, దాని మీద ఇన్ని శాతం అని ఇస్తారు. 48 లక్షల బండికి 44 రాశాడనుకోండి. 80 శాతం ఇచ్చినా 35 లక్షల 20 వేలు. మీ చేతి నుంచి 12 లక్షల 80 వేలు పడ్డాయి. బెజవాడ గారు చెప్పిన ట్యాక్స్ 9 లక్షల 43 వేలు కలపండి. ఇన్సూరెన్స్ లక్షా పైన, ఎన్‌ఓసీ, బండి తెచ్చే ట్రక్కు, చిల్లర మల్లర. మొత్తం 24 లక్షలు. మీ దగ్గరున్నవి 12.

మూడోది మీ జీతం. 35 లక్షల 20 వేలకు 12 శాతం మీద ఐదేళ్లకు ఈఎంఐ 78,300. ఇంటి ఈఎంఐ 58 వేలు. రెండూ కలిస్తే చేతికొచ్చే జీతంలో 65 శాతం. నేను డెస్క్‌లో ఉన్నప్పుడు 50 దాటితే పై వాళ్ల సంతకం అడిగేవాళ్లం, 60 దాటితే ఫైల్ వెనక్కి పంపేవాళ్లం. మీ సిబిల్ 790 చూసి ఎవరో ఒకరు ఒప్పుకోవచ్చు. ఒప్పుకుంటే అప్పుడు అసలు టెన్షన్ మీది.

ఇంకొకటి మరిచాను. లోన్ ముగిసేనాటికి బండి వయసు ఇన్నేళ్లు దాటకూడదని లెక్క ఉంటుంది. చాలాచోట్ల పదేళ్లు. 2021 బండికి ఇప్పుడు ఐదేళ్ల లోన్ అంటే సరిగ్గా గట్టు మీద ఉన్నారు. ఎవరైనా 2017 జాగ్వార్ ఎక్స్‌ఈ తక్కువకు వస్తోందని చూస్తుంటే, వాళ్లకు లోనే కష్టం. వచ్చినా ఏడాదికో రెండేళ్లకో వస్తుంది.

మియాపూర్_మీటర్
ఆదివారం ఉదయం 11:15

24 లక్షలు చదివి మా ఆవిడకి కనపడకుండా ఫోన్ తిప్పేశాను. నేను కొనేది లేకపోయినా సరే.

డల్లాస్_బాబాయ్
ఆదివారం మధ్యాహ్నం 12:20

ఇక్కడ అర్ధరాత్రి దాటింది, నిద్ర రాక చదువుతున్నా. మా దగ్గర ఈ కథ ఇంకోలా ఉంటుంది. నేను కంపెనీ సర్టిఫైడ్ 330ఐ తీసుకున్నాను, రెండేళ్ల పాతది. డీలర్ ఫైనాన్స్ ఆఫీసులో మొదట చెప్పిన రేటుకూ, నేను ముందే క్రెడిట్ యూనియన్‌లో (సహకార బ్యాంకు లాంటిది) అప్రూవల్ తీసుకుని జేబులో పెట్టుకున్న కాగితం చూపించాక చెప్పిన రేటుకూ రెండు శాతం పైనే తేడా. కాగితం చూడగానే మనిషి గొంతే మారిపోయింది. టెక్సస్‌లో బండి ధర మీద 6.25 శాతం సేల్స్ ట్యాక్స్, అది కట్టేస్తే ఆ గొడవ అక్కడితో సరి. వీసా మీద ఉన్నవాళ్లకు మాత్రం ఒక చిక్కుంది, కొందరు లోన్ గడువును వీసా గడువుకు ముడిపెడతారు. మూడేళ్ల వీసా ఉంటే ఆరేళ్ల లోన్ ఇవ్వరు. ఒకరకంగా అది మంచికే.

నా ప్రశ్న వేరు. వచ్చే ఏడాది ఇండియా వచ్చేస్తున్నాం. ఈ బండిని కంటైనర్‌లో వేసుకుని రావచ్చా? లోన్ అప్పటికి తీరిపోతుంది.

సుంకం_సుబ్బన్న
ఆదివారం మధ్యాహ్నం 2:05

బాబాయ్, అక్కడే అమ్మేసి రండి. మీ బండికి స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది. పాత బండి దిగుమతి చేయాలంటే కుడివైపు ఉండి తీరాలి, తయారై మూడేళ్లు దాటకూడదు. ఇక సుంకం సంగతి. బండి మీద ప్రేమ ఉంది కదా అని దాని ధరకంటే ఎక్కువ పన్ను కడతారా? సింగపూర్, యూకే, ఆస్ట్రేలియాల నుంచి వచ్చేవాళ్లకు స్టీరింగ్ ఇబ్బంది లేదు గానీ సుంకం చూడగానే వాళ్లూ ఆగిపోతారు.

ఈ మాట బాబాయ్ ఒక్కరికే కాదు. "ఇంపోర్టెడ్ బండి, సగం ధరకే" అని వాట్సాప్‌లో ఫొటోలు తిరుగుతుంటాయి కదా, వాటి గురించి. 2025 మేలో లగ్జరీ కార్ల సుంకం ఎగవేత కేసులో హైదరాబాద్ డీలర్ ఒకరిని డీఆర్ఐ (కేంద్ర రెవెన్యూ ఇంటెలిజెన్స్) వాళ్లు అరెస్టు చేశారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో కేరళలో కస్టమ్స్ వాళ్లు ఆపరేషన్ నుమ్‌ఖోర్ అని మొదలుపెట్టి, భూటాన్ నుంచి దొంగదారిలో తెచ్చారన్న బండ్లను వరసగా పట్టుకున్నారు. అలాంటి బండికి ఇక్కడి ఆర్‌సీ కూడా ఉండొచ్చు, ఇన్సూరెన్స్ కూడా ఉండొచ్చు. మూడో చేతిలో ఉన్న ఓనరుకు కూడా బండి ఎక్కడినుంచి వచ్చిందో తెలియకపోవచ్చు. బండిని తీసుకుపోయాక ఈఎంఐ ఆగుతుందా? ఆగదు. బ్యాంకు డబ్బిచ్చింది మీకు, బండికి కాదు.

కాబట్టి ఎవరో సొంతంగా తెప్పించుకున్న బండి అయితే బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి అప్పుడు కస్టమ్స్‌లో వేసే పత్రం), సుంకం కట్టిన చలానా చూడనిదే అడ్వాన్స్ ఇవ్వకండి. ఛాసిస్ నంబరు మూడు చోట్లా ఒకటే ఉండాలి, బిల్లులో, ఆర్‌సీలో, బండి మీద. విదేశం నుంచి మకాం మార్చుకుని వచ్చినవాళ్లు తెచ్చిన బండైతే, దాన్ని ఇంతకాలం అమ్మకూడదన్న షరతు ఉందేమో కూడా చూడండి.

కొండాపూర్ తమ్ముడు చూసిన ఎస్5 అలాంటిది కాదు. దాన్ని కంపెనీయే తెప్పించి షోరూమ్‌లో అమ్మింది, మామూలు ఇన్వాయిస్ ఉంటుంది. కాగితాల భయం లేదు. ఇబ్బంది మరోచోట.

వైజాగ్_వీ6
ఆదివారం సాయంత్రం 4:30

ఆ మరోచోటు ఏంటో నేను చెబుతా. నా బండీ దిగుమతిదే, కంపెనీ పేరు చెప్పను. నక్కపల్లి దగ్గర లారీ నుంచి రాయి ఎగిరొచ్చి హెడ్‌లైట్ పగిలింది. ఒక్క లైటు. ఏడు వారాలు బండి షెడ్‌లో పడుంది. సరుకు దేశంలో లేదు, బయటనుంచి రావాలి. ఆ ఏడు వారాలూ ఈఎంఐ మాత్రం 5వ తేదీకి టంచనుగా కట్ అయింది. నేను ఆటోలో ఆఫీసుకి, బ్యాంకు వాడు దర్జాగా.

చెన్నైలో బిగించిన బీఎండబ్ల్యూలకు, పుణె దగ్గర చాకన్‌లో బిగించిన బెంజ్‌లకు ఇంత బాధ ఉండదు. మామూలుగా అరిగే సామాన్లు ఇక్కడ దొరుకుతాయి. ఎం340ఐ కూడా చెన్నైలో బిగించిందే, అందుకే కొనెయ్ అన్నా. దిగుమతి బండికి ఇంకో తమాషా ఉంది. రిపేరు ఖర్చు ఇన్సూరెన్స్ విలువలో 75 శాతం దాటితే బండి టోటల్ లాస్ కింద పోతుంది. బయటి సామాను ధరలకు, మనం మామూలు దెబ్బ అనుకున్నదే అక్కడిదాకా వెళ్తుంది. అప్పుడు ఇన్సూరెన్స్ ఇచ్చేది ముందు బ్యాంకుకి. మిగిలితేనే మనకి. తక్కువ పడితే మనమే కట్టాలి.

ఎం340ఐ కొనెయ్ అన్న మాట వెనక్కి తీసుకోను గానీ, 24 లక్షల లెక్క చూశాక గొంతు కొంచెం తగ్గించా.

కరీంనగర్_కవిత
ఆదివారం రాత్రి 8:10

నాదో మాట. ఇంటి లోన్ ఎలాగూ ఉంది కదా, దాని మీద టాప్-అప్ (అదే లోన్‌పై అదనపు అప్పు) తీసుకుంటే 9 శాతం చుట్టుపక్కల వస్తుంది. కారు లోన్ 12, 13. ఆర్‌సీ మీద బ్యాంకు పేరు ఉండదు, వాల్యూయర్ గోల లేదు. నేను అలాగే కొన్నాను. ఎవరూ ఈ సంగతి ఎందుకు చెప్పరో తెలియదు.

వడ్డీ_లెక్కలు
ఆదివారం రాత్రి 9:00

కవిత గారూ, సలహా మంచిదే, అయితే గడువు దగ్గర జనం జారిపోతారు. 20 లక్షలకు లెక్క చూడండి. కారు లోన్ 12 శాతం, ఐదేళ్లు: ఈఎంఐ 44,489, వడ్డీ మొత్తం 6 లక్షల 69 వేలు. టాప్-అప్ 9 శాతం, ఐదేళ్లు: ఈఎంఐ 41,517, వడ్డీ 4 లక్షల 91 వేలు. లక్షా 78 వేలు మిగిలాయి, బాగుంది. కానీ బ్యాంకు వాడు "15 ఏళ్లు పెట్టుకోండి సార్, నెలకు 20 వేలే" అంటాడు. ఈఎంఐ 20,285. వడ్డీ 16 లక్షల 51 వేలు. బండి తుక్కుకి వెళ్లాక కూడా దాని బాకీ కడుతుంటారు. మీరు ఎన్నేళ్లు పెట్టారు?

కరీంనగర్_కవిత
ఆదివారం రాత్రి 9:22

12 🙂

కానీ ప్రతి బోనస్‌కీ కొంత కడుతున్నాను. నాది ఫ్లోటింగ్ రేటు (మారుతుండే వడ్డీ), ముందుగా కట్టినందుకు ఛార్జీ లేదు.

వడ్డీ_లెక్కలు
ఆదివారం రాత్రి 9:35

అలా అయితే మీరు తెలివైనవారే. ఫ్లోటింగ్ రేటు మీద వ్యక్తులు సొంతానికి తీసుకున్న లోన్‌కి ముందస్తు చెల్లింపు ఛార్జీ వేయకూడదని రిజర్వు బ్యాంకు చెప్పింది, 2026 జనవరి 1 నుంచి శాంక్షన్ అయ్యేవాటికి అందరికీ ఒకే రూలు. పాత కార్ల లోన్లు మాత్రం ఎక్కువగా ఫిక్స్‌డ్ రేటు, వాటికి ఇది వర్తించదు. కొన్నిచోట్ల ముందు తీర్చేస్తే మిగిలిన అసలు మీద 4, 5 శాతం దాకా అడుగుతారు. సంతకానికి ముందే ఆ గడి చూడండి. మంచి జీతం ఉన్నవాళ్లకు పర్సనల్ లోన్ రేటు పాత కారు లోన్ కంటే తక్కువ రావడం కూడా నేను చూశాను, అడిగి చూడటంలో తప్పులేదు.

బోనెట్_బాబాయ్
సోమవారం ఉదయం 7:30

లోన్ గురించి నాకు తెలియదు. ముప్పై ఏళ్లుగా షెడ్ నడుపుతున్నా, నాలుగు మాటలు చెబుతా.

బ్యాంకు వాల్యూయర్ బండిని చూడటం, మెకానిక్ చూడటం ఒకటి కాదు. ఆయన పది నిమిషాల్లో ఛాసిస్ నంబరు రుద్ది, ఫొటోలు తీసుకుని వెళ్తాడు. "బ్యాంకే ఓకే అంది" అని ఎవరైనా అంటే నవ్వొస్తుంది నాకు.

సీటు బెల్టు మొత్తం బయటకు లాగి చూడు, చివర్లో మట్టి గీత ఉంటే అది వరదలో మునిగిన బండి. చెన్నైలో 2015లో, 2023లో, మన హైదరాబాద్‌లో 2020 అక్టోబర్‌లో మునిగినవి ఎన్నో ఇప్పుడు తళతళలాడుతూ వేరే ఊళ్లో తిరుగుతున్నాయి. స్కానర్ పెట్టినప్పుడు తప్పుల కోడ్‌లు ఒక్కటీ లేకపోతే సంతోషపడకు, నిన్ననే చెరిపేశారేమో చూడు. ఈ టర్బో బండ్లలో కూలెంట్ దారి అంతా ప్లాస్టిక్, మన ఎండలకు ఐదారేళ్లకు పెళుసెక్కుతుంది. గేర్‌బాక్స్ ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదని చెబుతారు. ఎవరి జీవితాంతమో చెప్పరు. గాలి పోయినా కొంతదూరం నడిచే రన్‌ఫ్లాట్ టైర్లు నాలుగూ మార్చే టైమ్ వచ్చిందంటే లక్ష పక్కన పెట్టుకో. సర్వీసు రికార్డు ఛాసిస్ నంబరుతో కంపెనీ సర్వీస్ సెంటర్లో తీయించు, మీటరు తిప్పారో లేదో అక్కడే బయటపడుతుంది.

అప్పు చేసి కొంటే పర్లేదు. రిపేరు కూడా అప్పు మీద చేయించేవాళ్లే నా షెడ్‌లో బండి వదిలేసి వెళ్లిపోతారు. ఇప్పుడు రెండున్నాయి అలాంటివి, ఒకదాని బోనెట్ మీద పిల్లి పడుకుంటోంది.

కొండాపూర్_కుర్రాడు
బుధవారం రాత్రి 10:15

అందరికీ చాలా థ్యాంక్స్. ఇంత వస్తుందనుకోలేదు.

అప్‌డేట్. ఎం340ఐ నంబరుతో ప్రభుత్వ రిజిస్ట్రేషన్ సైట్ వాహన్‌లో చూశాను. హైపోతికేషన్ ఇంకా ఉంది, ఒక ఫైనాన్స్ కంపెనీ పేరుతో. డీలర్‌ని అడిగితే "అది తీరిపోయింది సార్, ఎంట్రీ తీయించలేదు అంతే" అన్నాడు. ఎన్‌ఓసీ చూపించమంటే వచ్చే వారం అన్నాడు. పైగా 48లో 8 లక్షలు నగదుగా ఇమ్మంటున్నాడు, అలా అయితే ట్యాక్స్ కలిసొస్తుందట. ఇది మామూలేనా?

వడ్డీ_లెక్కలు
బుధవారం రాత్రి 10:40

కాదు. ఒకే లావాదేవీకి 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. పెనాల్టీ పడేది తీసుకున్నవాడికే. కానీ మీకు జరిగే నష్టం ఇంకోటి. కాగితం మీద ధర 40 అయితే బ్యాంకు కూడా ఆ 40నే చూస్తుంది, లోన్ ఇంకా తగ్గుతుంది. రేపు డీల్ చెడితే ఆ 8 లక్షలకు సాక్ష్యం మీ నోటిమాటే.

నిజంగా లోన్ తీరితే ఫైనాన్స్ కంపెనీ ఎన్‌ఓసీ, సంతకం పెట్టిన ఫారం 35 (ఆర్‌సీ మీద హైపోతికేషన్ తీయించేది) ఉండాలి. తీరకపోతే దానికీ దారి ఉంది. అమ్మేవాడు ఫోర్‌క్లోజర్ లెటర్ (లోన్ మూసేయడానికి ఎంత కట్టాలో చెప్పే కాగితం) తెస్తాడు, మీ బ్యాంకు ఆ బాకీని నేరుగా ఆ లోన్ ఖాతాకే కడుతుంది, మిగిలింది అమ్మేవాడికి వెళ్తుంది. ఎట్టి పరిస్థితుల్లోనూ డీలర్ ఖాతాకి కాదు. బాకీ పూర్తిగా తీరిన 30 రోజుల్లో కాగితాలు ఇవ్వకపోతే రోజుకు 5 వేల చొప్పున చెల్లించాలని రిజర్వు బ్యాంకు 2023 డిసెంబర్ నుంచే పెట్టింది. కాబట్టి తీరిపోయిన లోన్‌కి ఎన్‌ఓసీ లేదంటే నమ్మబుద్ధి కాదు.

బెజవాడ_డ్రైవర్
బుధవారం రాత్రి 10:52

వదిలెయ్యండి సార్. అంత ఇష్టపడిన బండి, కష్టమే. కానీ వదిలెయ్యండి.

వేదిక_నిర్వాహకుడు
గురువారం ఉదయం 8:00

డీలర్ పేరు, ఫోన్ నంబరు పెట్టిన రెండు పోస్టులు తీసేశాను. దయచేసి పేర్లు రాయకండి. చర్చ బాగుంది, కొనసాగించండి.

మియాపూర్_మీటర్
గురువారం ఉదయం 9:30

ఇంకో చిన్న విషయం. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ మారాక ఇలాంటి పెద్ద ఇంజన్ సెడాన్ల మీద పన్ను సెస్‌తో కలిపి 48 శాతం నుంచి 40కి దిగింది. కొత్త బండ్ల ధర తగ్గింది, పాత బండ్లు అమ్మేవాళ్ల నోటి ధర మాత్రం ఇంకా దిగలేదు. బేరం ఆడేటప్పుడు ఈ సంగతి ఎత్తండి. డీలర్ "జీఎస్టీ 18 శాతం అదనం" అంటే కూడా భయపడకండి. అది అతనికి మిగిలే లాభం మీదే గానీ బండి మొత్తం ధర మీద కాదు. మామూలు ఓనరు దగ్గర నేరుగా కొంటే అసలే లేదు.

కొండాపూర్_కుర్రాడు
నాలుగు వారాల తర్వాత, ఆదివారం ఉదయం 11:20

ఆలస్యానికి సారీ. ఎం340ఐ వదిలేశాను. రెండు రోజులు సరిగ్గా నిద్రపట్టలేదు, అబద్ధం ఎందుకు. ఆ తర్వాత ధైర్యం చేసి ఆ ప్రకటన పేజీ డిలీట్ చేశాను.

330ఐ తీసుకున్నా. నేరుగా ఓనరు దగ్గరే, 31 లక్షల 50 వేల నుంచి 30 దాకా వచ్చారు. మియాపూర్ గారి జీఎస్టీ మాట బాగా పనిచేసింది. వాల్యూయర్ 29 రాశాడు. 80 శాతం అంటే 23 లక్షల పైన వచ్చేది కానీ 18 మాత్రమే తీసుకున్నా, 12 శాతం, నాలుగేళ్లు. ఈఎంఐ 47,401. ఇంటిదీ కలిపితే జీతంలో సగం. వడ్డీ_లెక్కలు గారు ఇంకా తగ్గించమంటారని తెలుసు.

చేతిలో ఉన్న 12 అక్కడే అయిపోయింది. అందుకని పోలో అమ్మేశాను, 4 లక్షల 80 వేలు వచ్చింది. అందులో ఇన్సూరెన్స్, ట్రాన్స్‌ఫర్ పోగా 3 లక్షల 40 వేలు విడిగా ఓ ఖాతాలో వేశా. దాని పేరు బోనెట్ బాబాయ్ ఫండ్. తమ్ముడు నాతో మాట్లాడటం మానేశాడు.

తనిఖీలో ఒకటి బయటపడింది. కుడి వెనక తలుపు మళ్లీ పెయింట్ వేశారు. ఓనరుని అడిగితే అపార్ట్‌మెంట్ పిల్లర్‌కి గీసుకుందని ఒప్పుకుని బిల్లు కూడా చూపించారు. సీటు బెల్టులు లాగుతుంటే మాత్రం ఆయన నన్ను వింతగా చూశారు.

బెజవాడ_డ్రైవర్
ఆదివారం ఉదయం 11:45

శుభాకాంక్షలు! ఇన్సూరెన్స్ మీ పేరు మీదకు మారిందా? బండి మీ పేరుకి మారిన 14 రోజుల్లో ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పాలి. పాత ఓనరు పేరుతోనే ఉంటే ఎదుటివాడికి తగిలిన దెబ్బకి తప్ప మీ బండికి పైసా రాదు. ఆయన నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు) కూడా ఆయనతోనే వెళ్లిపోతుంది, కాబట్టి ప్రీమియం తేడా అడుగుతారు.

కొండాపూర్_కుర్రాడు
ఆదివారం మధ్యాహ్నం 12:10

మార్చేశానండీ. ఆ నో క్లెయిమ్ బోనస్ తేడా 21 వేలు కట్టించుకున్నారు, అది నా లెక్కలో లేదు.

డల్లాస్_బాబాయ్
ఆదివారం రాత్రి 7:00

మనిద్దరిదీ ఒకే బండి అన్నమాట. స్టీరింగే అటూ ఇటూ. నాది అమ్మకానికి పెట్టాను.

వైజాగ్_వీ6
ఆదివారం రాత్రి 7:25

అభినందనలు బ్రో. టైర్లు ఏవి వేశారు, రన్‌ఫ్లాటేనా? ఓఆర్ఆర్ మీదకి తీసుకెళ్లావా?

కొండాపూర్_కుర్రాడు
ఆదివారం రాత్రి 9:50

రన్‌ఫ్లాటే, ఇంకో పది వేల కిలోమీటర్లు వస్తాయన్నారు. ఓఆర్ఆర్ మీద నిన్న తెల్లవారుజామున నార్సింగి నుంచి శంషాబాద్ దాకా వెళ్లొచ్చా. 120 లిమిట్ దాటలేదు, ఒట్టు. వెనక సీట్లో తమ్ముడు. వచ్చాడు గానీ ఇంకా మాట్లాడటం లేదు.

ఆర్‌సీ కార్డు మాత్రం పోస్టులో రావాల్సి ఉంది. ఎవరికైనా ఎన్ని రోజులకు వచ్చింది?